మోకాలి కింద కాఫీ

కర్నల్ ఓర్సీ తన ఏజెంట్లకి చేపల పేర్లు పెట్టేవాడు. ఇటలీలోని బారి రేవులో చేపల దుకాణం మీది గదిలో ఆఫీసు పెట్టుకోవడం వల్ల కలిగిన బుద్ధి కాబోలు. మొదట వెళ్లిన ట్యూనా తిరిగి రాలేదు. తరవాత జంటగా వెళ్లిన మాకెరెల్‌లు కూడా తిరిగి రాలేదు. పాష్క్ వంతు వచ్చేసరికి మంచి పేర్లన్నీ అయిపోయి, అతనికి సార్డీన్ మిగిలింది.

"ఆపరేషన్ చాలా సింపుల్," అన్నాడు కర్నల్, మ్యాపు మీద వేలు పెట్టి. ఆ మాట మాకెరెల్‌లతో కూడా అన్నాడని పాష్క్‌కి తెలుసు. "ఇది లెజా. మీ ఊరే. ఇది కొండమీది పాత గ్రీకు నగరం, లిస్సోస్. మీ బిషప్ లూకా ఆ శిథిలాల్లోనే ఎక్కడో దాక్కుని ఉన్నాడు. ఆయన్ని తీసుకొచ్చి నా ముందు నిలబెట్టు."

ఎందుకన్నదీ కర్నలే చెప్పాడు. ఆ దేశంలో ప్రభుత్వానికి దొరక్కుండా దాక్కున్న మనవాళ్లు ఇక ఎవరినీ నమ్మడం లేదు, బిషప్ మాటైతేనే వింటారు. అందుకని ఆయన ఈ ఒడ్డున కాలు పెట్టగానే వాళ్లందరి పేర్లూ, ఉండే చోట్లూ కర్నల్ ఆయన చేతిలో పెడతాడు. ఎవరిని ఎప్పుడు ఎలా బయటికి తేవాలో ఆయనే చెబుతాడు.

తరవాత సామాను ఇచ్చాడు. మలేరియా మందు కొట్టే పంపు ఒకటి. దాని ట్యాంకులో సగం మందు, సగం ట్రాన్స్‌మిటర్. ఆకుపచ్చ అద్దం బిగించిన టార్చి ఒకటి. ఫౌంటెన్ పెన్నులా కనబడే పిస్టల్ ఒకటి, అందులో ఒకే గుండు. టార్చి వెలిగితే బోటు ఒడ్డుకొస్తుంది. తుపాకీ మోత వినబడితే మాత్రం వచ్చిన దారినే తిరిగిపోతుంది, మళ్లీ రాదు.

"ఆ సంగతి నీకూ బోటు కెప్టెన్‌కీ తప్ప ఎవరికీ తెలియకూడదు. అక్కడి మన కాంటాక్ట్‌కి కూడా," అన్నాడు కర్నల్.

"ఆ కాంటాక్ట్ ఎవరు సార్?"

"రోజీనా. మీ కొండల పక్క ష్కోద్రా పట్నం పిల్ల. పోలీసు కమాండ్‌లో విదేశీ సలహాదారుకి దుబాసీ. వాళ్ల జీతం తీసుకుని మనకి పని చేస్తోంది." కర్నల్ కాసేపు కిటికీలోంచి సముద్రం కేసి చూశాడు. "అని నా నమ్మకం."

పాష్క్ ఒప్పుకున్నది కర్నల్ కోసం కాదు, జీతం కోసం అంతకంటే కాదు. యుద్ధం ముగిసిన ఏడాది, కొత్త ప్రభుత్వం పోలీసులు బిషప్‌గారి కోసం వెతుకుతుంటే, పాష్క్ తండ్రి ఆయన్ని ఇంట్లో పెట్టుకుని బేసా ఇచ్చాడు. బేసా అంటే మాట. ఆ కొండల్లో ఒక ఇల్లు ఒకరికి బేసా ఇచ్చిందంటే, ఇల్లు కాలినా, ఇంటాయన పోయినా మాట మాత్రం పోదు, కొడుకు నెత్తికెక్కుతుంది. ఆ ఇల్లు నిజంగానే కాలింది. తండ్రి జైల్లో పోయాడు. అప్పటికి పాష్క్ ఇటలీలో ఓడలకి రంగులేసుకుంటున్నాడు. బిషప్‌గారిని అతను కళ్లతో చూడనైనా లేదు. అయినా ఆయన తన అతిథే, ఆ అతిథిని ప్రాణాలతో దాటించడం తన బాధ్యతే. ఈ మాట కర్నల్‌కి చెబితే నవ్వుతాడని చెప్పలేదు.

వారం తిరక్కముందే పాష్క్ లెజా బురద రోడ్ల మీద, వీపున పంపు, నెత్తిన ప్రభుత్వం వారి టోపీతో నడుస్తున్నాడు. పెట్టుడు మీసం వానకి తడిసి ఒక పక్క ఊడుతుంటే జలుబు చేసినవాడిలా మూతి తుడుచుకుంటూ దాన్ని నొక్కుకుంటున్నాడు. ఎవరూ పట్టించుకోలేదు. చిత్తడి నేలల ఊరు కాబట్టి మలేరియా మందువాడు అన్ని ఇళ్లలోకీ దూరచ్చు. ఒక ముసలాడు మాత్రం ఆపి, "దోమలకి మందు తెచ్చావు సరే నాయనా, ఆకలికేమైనా తెచ్చావా?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా వెళ్లిపోయాడు.

బిషప్‌గారి గుడి ఇప్పుడు మొక్కజొన్నల గోడౌను. గుడి గంట ఉండవలసిన చోట లౌడ్‌స్పీకరు కట్టారు. పైన కొండంతా లిస్సోస్ రాళ్లే. గ్రీకులు సున్నం లేకుండా పేర్చిపోయిన గోడలు ఇంకా నిలబడే ఉన్నాయి. వాటి తరవాత కట్టినవే ఒక్కటీ నిలబడలేదు.

పాత నగర ద్వారం దగ్గర రోజీనా ఎదురుచూస్తోంది. ఊరంతా అతుకుల కోట్లలో తిరుగుతుంటే ఆమె ఒంటిమీద బూడిదరంగు ఫర్ కోటు, పెదాలకి లిప్‌స్టిక్. అంత అందంగా ఉన్న మనిషిని చూసి చాలా కాలమైందని పాష్క్‌కి ఒక్క క్షణం అనిపించింది. మరుక్షణం ఆ కోటు ఎవరి జీతంతో కొన్నదో గుర్తొచ్చి చూపు తిప్పుకున్నాడు.

"ఈ ఊళ్లో గంటలెందుకు మోగడం లేదు?" అంది రోజీనా. అది కోడ్.

"కరిగించి మేకులు చేశారు," అన్నాడు పాష్క్.

"మీసం సర్దుకో," అందామె. అది కోడ్ కాదు.

పనంతా గబగబా మాట్లాడుకున్నారు. బిషప్‌గారు క్షేమంగా ఉన్నారు, దవడకి దెబ్బ తగిలి కట్టు కట్టుకున్నారు, రాత్రిదాకా ఆగడం ప్రమాదం కనక సాయంత్రం పొగమంచు దిగగానే బయల్దేరాలి అని ఆమె చెప్పింది. నది సముద్రంలో కలిసే చోట ఆకుపచ్చ టార్చి చూపిస్తే బోటు వస్తుందని అతను చెప్పాడు. తుపాకీ మోత సంగతి మాత్రం మింగేశాడు.

"తిన్నగా నది ఒడ్డుకే వెళ్దాం," అంది.

"ఊహూఁ. ముందు మా అత్త ఇంటికి."

"పిచ్చా నీకు? ఆ ఇంటి మీద పోలీసుల కన్నుంది."

"ఉంటే ఉండనీ. అతిథి మా గడప దాటి వెళ్లాలి, సాగనంపాల్సింది నేను. మా ఇల్లు కాలిపోయింది, ఇక మిగిలింది ఆ గడపే. నువ్వూ ష్కోద్రా పిల్లవే, నీకు నేను చెప్పాలా?"

 కాదంటే అనుమానమొస్తుందని కాబోలు, రోజీనా సరేనంది.

ప్రెనా అత్త గుడిసె కొండ కింద, గ్రీకు గోడకి ఆనుకుని ఉంది. వాకిట్లో ఇద్దరు మగాళ్లు వల బాగు చేస్తున్నారు. వాళ్ల వేళ్లు వల ఎన్నడూ ముట్టినవి కావు. పాష్క్ వాళ్ల ఎదురుగానే లోపలికెళ్లి మూలమూలలా మందు కొట్టాడు. అత్త కళ్లకి పొరలు కమ్మాయనీ, చెవులు పోయాయనీ, మతి కూడా అంతంత మాత్రమేననీ ఊరంతా అనుకుంటారు. ఆవిడ మేనల్లుడి మొహం రెండు చేతులతో తడిమి, పెట్టుడు మీసం దగ్గర ఆగి, "జాగ్రత్త నాయనా, ఊడిపోయేలా ఉంది," అంది మెల్లగా. మతి ఎక్కడికీ పోలేదని అతనికి అర్థమైంది. ఇంకో మాట అడగబోయేలోగా వాకిట్లో అడుగుల చప్పుడైంది.

రోజీనా వెనక బిషప్‌గారు వచ్చారు. పోలీసు కమాండ్ మనిషి వెంట ఉంది కనక వాకిట్లో ఎవరూ ఆపలేదు. పొడుగ్గా, వంగిపోయి, దవడకి గుడ్డ కట్టుకుని ఉన్నారు. గడపలో నిలబడి లాటిన్‌లో దీవించారు. ఆ గొంతు వింటే ఎవరికైనా మోకాళ్లు వంగుతాయి. పాష్క్‌కి కళ్లు చెమర్చాయి. తండ్రి ఇచ్చిన మాట ఇన్నాళ్లకి చెల్లబోతోందని గుండె నిండిపోయింది.

అత్త వంగి బిషప్ ఉంగరాన్ని ముద్దు పెట్టుకుంది. పెట్టుకుని, ఉండవలసిన దానికంటే కాసేపు ఎక్కువే అలా వంగి ఉండిపోయింది. తరవాత లేచి, గోడ పట్టుకుంటూ పొయ్యి దగ్గరికెళ్లి కాఫీ పెట్టింది. కాఫీ అంటే మాడ్చిన బార్లీయే. నిజం కాఫీ ఊళ్లో దొరికి ఏళ్లైంది.

మొదటి కప్పు బిషప్‌గారికి కుడిచేత్తో ఇచ్చింది. రెండోది రోజీనాకి కుడిచేత్తోనే ఇచ్చింది. మూడోది ఎడమచేతిలోకి మార్చుకుని, పాష్క్ ఎదుట నిలబడి, కుడికాలు పైకెత్తి, మోకాలి కిందనుంచి కప్పు చాపింది.

పాష్క్ చాపబోయిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

ఆ కొండల్లో పుట్టినవాడికి ఆ కప్పు అర్థం వేరే చెప్పక్కర్లేదు. నీ మాట నమ్ముకున్న అతిథిని చంపేశారు, నువ్వు ఆ బాకీ తీర్చుకోకుండా కూర్చున్నావు, తీర్చుకునేదాకా నీకు దక్కే మర్యాద ఇదే అని అర్థం. చిన్నప్పుడు ఒక పెళ్లిలో ఒకాయనకి అలా కాఫీ ఇవ్వడం పాష్క్ చూశాడు. ఆయన కప్పు ముట్టకుండా లేచిపోయాడు, మూడు రోజుల్లో ఎవరినో కాల్చి వచ్చాడు.

పాష్క్ ఇంటికున్న అతిథి ఒక్కరే. ఆయన పేరు బిషప్ లూకా. ఆయన చచ్చిపోతే, ఎదురుగా కూర్చుని కాఫీ ఊదుకుంటున్న ఈ మనిషి ఎవరు?

"కాలెత్తి ఇస్తోందేమిటి పాపం?" అని నవ్వాడు ఆ మనిషి. ఆ కొండల్లో తిరిగిన బిషప్ ఎవరూ అడగని ప్రశ్న అది.

పాష్క్ రోజీనా వైపు చూశాడు. ఆమె మొహం పాలిపోయింది. ష్కోద్రాలో పుట్టి పెరిగిన మనిషికి ఆ కప్పు అర్థం కాకుండా ఎలా ఉంటుంది? పిలిస్తే పలికే దూరంలో పోలీసులున్నారు. ఒక్క మాట చాలు, పాష్క్ పని అయిపోతుంది.

"ఆవిడకి మోకాళ్ల నెప్పులు తండ్రీ," అంది రోజీనా కప్పులోకి చూస్తూ. "అలా ఎత్తితే పట్టు వదులుతుందట. మా నాయనమ్మా అంతే."

పాష్క్ కప్పు అందుకున్నాడు. ముట్టకపోతే ఆ మనిషికి తెలిసిపోతుందని ఆ చేదంతా తాగాడు. పొద్దున్న తను ట్రాన్స్‌మిటర్‌లో కబురు పంపగానే బారి నుంచి బోటు బయల్దేరిపోయింది. అందులో రేడియో లేదు. ఉన్నా, ఈ మనిషి ఎదురుగా ట్యాంకు మూత తీసేదెలా? శత్రువుల ప్లాను మొత్తం ఇప్పుడతనికి కనబడుతోంది. నిజం బిషప్‌ని చంపేశారు, అబద్ధం బిషప్‌ని తన చేతుల మీదుగానే బారికి పంపిస్తున్నారు. కర్నల్ ఆయన చేతులకి ముద్దు పెట్టి పేర్లన్నీ అప్పజెబుతాడు. ఆ తరవాత దేశంలో దాక్కున్నవాళ్లు ఒక్కరూ మిగలరు.

పొగమంచు దిగుతుంటే ముగ్గురూ బయల్దేరారు. వల బాగు చేసేవాళ్లు తలెత్తి చూడలేదు. చూడకూడదని వాళ్లకి ఆర్డర్లు. వంతెన దగ్గర రోజీనా ఆగిపోయింది. ఇక్కడి నుంచి తను రాకూడదంది. బిషప్ వేషం వేసినవాడు నాలుగడుగులు ముందుకెళ్లాక, ఆమె పాష్క్ కోటు కాలర్ సర్దుతున్నట్టు దగ్గరికొచ్చింది.

"నాకు తమ్ముడున్నాడు పాష్క్, ఖైదీల క్యాంపులో. నేను తప్పు చేసిన రోజు వాడికి కూడు ఉండదు."

"ఇందాక నువ్వు చేసిందేమిటి మరి?"

"మోకాళ్ల నెప్పుల గురించి చెప్పాను," అంది. వెనక్కి తిరిగి ఫర్ కోటు దగ్గరికి లాక్కుని ఊళ్లోకి నడిచింది. ఆ తరవాత ఆమె అతనికి మళ్లీ కనబడలేదు. ప్రమోషన్ ఇచ్చి రాజధానికి పంపారని కొందరూ, తమ్ముడున్న క్యాంపుకే పంపారని కొందరూ చెప్పుకున్నారు.

నది చివర రెల్లుదుబ్బుల్లో నీళ్లు మోకాళ్లదాకా ఉన్నాయి. వెలుతురు బూడిదలా ఉంది. దుబ్బుల్లో అక్కడక్కడా సైనికులు పడుకుని ఉన్నారని పాష్క్‌కి తెలుసు. వాళ్లు పట్టుకోవడానికి రాలేదు, ఈ పెద్దమనిషిని క్షేమంగా ఓడెక్కించడానికి వచ్చారు. దూరంగా మోటారు చప్పుడు వినిపించింది.

పాష్క్ టార్చి తియ్యలేదు.

"చూపించు నాయనా," అన్నాడు బిషప్ వేషం.

"తడిసిపోయింది."

 ఆ మనిషి అంగీలోంచి తన టార్చి తీశాడు. దానికీ ఆకుపచ్చ అద్దమే. రోజీనా పొద్దున్న అందించిన సమాచారం ఊరికే పోలేదన్నమాట. వెలిగించి మూడుసార్లు ఊపాడు. మోటారు చప్పుడు ఇటు తిరిగింది.

పాష్క్ పెన్ను తీశాడు. మూత తిప్పి, మొన ఆ మనిషి గుండెలకి గురిపెట్టాడు.

"ఎవడివి నువ్వు?"

అవతలివాడు తుళ్లిపడలేదు. దవడ గుడ్డ విప్పేశాడు. కింద దెబ్బా లేదు, ఏమీ లేదు. భుజాలు కిందికి జారాయి. ఆ మహత్తరమైన గొంతు కూడా జారిపోయింది.

"సోటిర్ అంటారు. కోర్చా ఊళ్లో నాటక కంపెనీలో ముసలి వేషాలు వేసేవాణ్ణి. మెల్లగా మాట్లాడు, వాళ్లు వింటున్నారు." నీళ్లలో ఒక అడుగు దగ్గరికొచ్చాడు. "ఆ కాఫీయేనా? ఆ ముసలమ్మ కాలెత్తినప్పుడే నా గుండె జారింది. మా వైపు అలాంటివి లేవు. ఆర్నెల్లు లాటిన్ నేర్పారు, కాఫీ ఎలా ఇస్తారో ఎవడూ నేర్పలేదు."

"ఆయన్ని నువ్వే చంపావా?"

"నాకు ఉంగరం ఇచ్చారు. ఎక్కడిదని అడిగే ధైర్యం నాకు లేదు. విను. నేను అక్కడ దిగాక వీళ్లకి ఒక్క ముక్క పంపను. అంతా మీ కర్నల్‌తో చెప్పేస్తాను. నేను కూడా పారిపోవడానికే ఈ వేషానికి ఒప్పుకున్నాను. నన్ను ఎక్కనివ్వు బాబూ. నీ కాళ్లు పట్టుకుంటాను."

ఆ కళ్లల్లో నీళ్లు నిజంగానే కనబడ్డాయి. అయితే అతను నటుడు. నిజమే చెబుతుండచ్చు, చెప్పకపోవచ్చు. తేల్చుకోవడానికి పాష్క్ దగ్గర ఏ దారీ లేదు. నమ్మి తప్పైతే, పేర్లు కూడా తెలియని అంతమంది ప్రాణాలు పోతాయి. నమ్మకపోతే ఈ ఒక్కడి ఆశ పోతుంది, దానితో పాటు తనదీ పోతుంది. బోటు ముక్కు పొగమంచులోంచి బయటపడింది. కెప్టెన్ తాడు విసరడానికి చెయ్యెత్తాడు. ఇంకో నాలుగు బారల దూరం.

 కాల్చి చంపితే బాకీ తీరడం, బోటు తిరిగిపోవడం రెండూ ఒక్కసారే అయిపోతాయి. కొండల్లో పుట్టినవాడు చెయ్యవలసింది అదే. కానీ కాళ్లు పట్టుకుంటానంటున్న మనిషిని కాల్చడానికి చెయ్యి రాలేదు. పాష్క్ పెన్ను ఆకాశం కేసి ఎత్తి నొక్కాడు.

చిన్న పెన్నుకి అంత మోత ఉంటుందని అతను అనుకోలేదు. కెప్టెన్ తాడు వదిలేసి చక్రం తిప్పాడు. బోటు నీళ్లలో అరచందమామలా తిరిగి పొగమంచులోకి వెళ్లిపోయింది. సోటిర్ పిచ్చివాడిలా అరుస్తూ దాని వెనక నీళ్లలోకి పరిగెత్తాడు. దుబ్బుల్లో పడుకున్న సైనికులకి వినబడింది మోత, కనబడింది పరిగెత్తే మనిషి. ఎవడు ఎవడన్నది పొగమంచులో వాళ్లకి తెలియలేదు. వాళ్ల తుపాకులు ఒక్కసారే పేలాయి. బిషప్ అంగీ కాసేపు నీళ్లమీద తేలి మునిగింది.

దుబ్బుల కింద పాక్కుంటూ పాష్క్ ఎలా బయటపడ్డాడో అతనికే గుర్తులేదు. భుజం ఎక్కడో కాలుతోంది, రక్తం కారుతోంది. పోవడానికి చోటు లేదు. కొండలకి దారులన్నీ మూసేస్తారు, సముద్రం సంగతి తనే చూసుకున్నాడు. కాళ్లు వాటంతట అవే అత్త గుడిసెకి తీసుకెళ్లాయి. వాకిట్లో వల ఉంది, బాగు చేసేవాళ్లు లేరు. అందరూ నది దగ్గరే ఉన్నట్టున్నారు.

అత్త అడగకుండానే చెప్పింది. శీతాకాలంలో కొండమీద పుల్లలేరుకుంటుంటే, గ్రీకుల పాత నీళ్ల తొట్టిలో బిషప్‌గారు కనిపించారట. వేలికి ఉంగరం లేదట. గోడ పక్కనే గొయ్యి తీసి, తనకి వచ్చిన జపాలన్నీ చదివి పూడ్చిందట.

"ఆ ఉంగరానికి ఒక అంచు విరిగి ఉంటుంది. మీ నాన్న ఇంట్లో ఉన్నన్నాళ్లూ రోజూ ముద్దు పెట్టుకున్నదాన్ని, పెదాలకి తెలియదూ? నోరు విప్పితే నిన్ను అక్కడే కాల్చేస్తారని కప్పుతో చెప్పాను."

"వాణ్ణి నేను చంపలేదత్తా. చెయ్యి రాలేదు. గాల్లోకి కాల్చి పడవని పంపేశాను. బాకీ తీరలేదు."

 అత్త మంచం కిందనుంచి గుడ్డమూట ఒకటి లాగింది. అందులో గుప్పెడు నిజం కాఫీ గింజలున్నాయి. యుద్ధంలో ఇటలీవాళ్లు ఊళ్లో ఉన్నప్పుడు దొరికినవి, బిషప్‌గారిని సాగనంపే రోజుకని దాచిందట. వాటిని వేయించి, దంచి, చిన్న గిన్నెలో కాచింది. ఆ వాసనకి గుడిసె గుడిసే మారిపోయింది. పాష్క్‌కి ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

అత్త కప్పు కుడిచేత్తో పట్టుకుని, మోకాలి పైనుంచి, మగాడికి ఇవ్వవలసినట్టుగా ఇచ్చింది.

"నీ పడవని నువ్వే పంపేశావు నాయనా. నాకది చాలు. ఆ పైవాడి లెక్క నాకు తెలీదు."

బూట్ల చప్పుడు వాకిట్లోకి వచ్చింది. తలుపు గడియ పెట్టలేదు కాబట్టి తన్నే శ్రమ వాళ్లకి తప్పింది. ముందొచ్చిన ఆఫీసరు కొండల మనిషే, మాట తీరులో తెలుస్తోంది. పిస్టల్ తీసి, పాష్క్ చేతిలో కప్పు చూసి ఆగాడు. అతను తాగడం ముగించేదాకా కదలొద్దని వెనకవాళ్లకి సైగ చేశాడు. పాష్క్ తొందరపడలేదు. అడుగున మడ్డి కనబడేదాకా ఒక్కో గుక్కే తాగాడు. బారిలో కర్నల్ ఈపాటికి కొత్త చేపపేరు వెతుక్కుంటూ ఉంటాడు.

ఆఫీసరు ముక్కు ఎగబీల్చాడు. "నిజం కాఫీ వాసనేనా అవ్వా? ఎన్నేళ్లైందో. గిన్నెలో ఇంకా ఉంటే ఇంత పొయ్యి."

ప్రెనా అత్త గిన్నె వెనక్కి జరిపింది.

"నీకు పొయ్యను బాబూ. మా ఇంటి కాఫీ తాగితే నువ్వు మా అతిథివైపోతావు. మేము కాపాడతామన్న అతిథి గతి ఏమైందో నీకు తెలుసుగా."